పోలేరమ్మ గుడి దగ్గర పోలీసులు: ప్రజాస్వామ్యం నమ్మకాల మధ్య నిజంగా ఎటూ మొగ్గదా?

టీచరమ్మ_తెనాలి | సోమవారం, రాత్రి 9:40

జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇవాళ ఎనిమిదో తరగతిలో లౌకికత్వం పాఠం. రాజ్యానికి మతం ఉండదు, ఎవరి నమ్మకం మంచిదో ఎవరిది చెడ్డదో అది చెప్పదు, క్రికెట్లో అంపైర్ లాంటిది అని ఏటా చెప్పినట్టే చెప్పుకుంటూ పోతున్నాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మేడమ్, మరి మా పోలేరమ్మ కొలుపుకి పోలీసులొచ్చి గుడి ముందు వేటపోతుని కొయ్యొద్దన్నారు కదా. రోడ్డు మీద మటన్ కొట్లో ఆదివారం పొద్దున్నే నాలుగు పోతులు తెగుతాయి, అక్కడికి రారే. అంపైర్ మా దగ్గరికే ఎందుకొచ్చాడు?"

క్లాసంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వేసి "గురువారం చెప్తా, కూర్చో" అన్నాను. ఇంటికొచ్చి అన్నం తింటున్నా అదే బుర్రలో తిరుగుతోంది. పోతు చావడం తప్పయితే కొట్టు దగ్గరా తప్పే కావాలి. చావడం తప్పు కాకపోతే అమ్మవారి ముందు చస్తే ఎలా తప్పయింది? అంటే చట్టానికి గిట్టనిది చావు కాదు, ఆ చావుకి వాళ్లు ఇచ్చుకున్న అర్థం. ఇదేం అంపైరింగ్? నేనే ఎక్కడైనా పొరబడుతున్నానా? ఇక్కడ లాయర్లున్నారు, బాగా చదువుకున్నవాళ్లున్నారు, కాస్త చెప్పండి. గురువారం లోపు.

కోర్టుపక్షి | రాత్రి 10:15

టీచర్ గారూ, ఆ కుర్రాడు ఇంటర్ అవగానే మా వైపు పంపించండి.

వాడు పట్టుకున్నది నిజమే. ఉమ్మడి మద్రాసు రోజుల్లో, 1950లో, జంతువులను పక్షులను బలి ఇవ్వకూడదని ఒక చట్టం వచ్చింది. బహిరంగ పూజా స్థలంలో, దాని ఆవరణలో, మతపరమైన ఊరేగింపులో బలి నిషేధం. మన దగ్గర అది ఇప్పటికీ ఉంది. ఎంత అమలవుతుందో చూడాలంటే జాతర మర్నాడు ఏ ఊరికైనా వెళ్లి చూడండి. ఇంకోవైపు 1960లో కేంద్రం తెచ్చిన జంతుహింస నివారణ చట్టం ఉంది. అందులో 28వ సెక్షన్ ప్రకారం ఏ మతంవాళ్లయినా తమ మతం కోరిన పద్ధతిలో జంతువును చంపితే ఈ చట్టం కింద నేరం కాదు. ఒక చట్టం మతం కోసం చంపితే పర్లేదంటుంది, ఇంకోటి గుడి ముందు చంపితేనే తప్పంటుంది. 'ఈ చట్టం కింద' అన్న మాట ఉంది కాబట్టి కోర్టులో రెండూ పక్కపక్కనే బతికేస్తాయి, అది వేరే సంగతి.

ఇక మీ అంపైర్ పోలిక గురించి. రాజ్యాంగం తాను తటస్థం అని ఎక్కడా చెప్పుకోలేదు. 25వ అధికరణం తీసి చూడండి, మత స్వేచ్ఛ ఇచ్చే వాక్యం మొదలవడమే షరతుతో మొదలవుతుంది: ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, ఈ భాగంలోని మిగతా హక్కులకు లోబడి అని. నైతికత అన్న మాట అక్కడే ఉంది. ఎవరి నైతికత అన్నది మాత్రం రాయలేదు. మా లాయర్ల పొయ్యి వెలిగేది ఆ రాయకపోవడం వల్లే.

పాలమూరు_యాదగిరి | రాత్రి 10:52

ఎవరిదో నేను చెప్తా సార్. పెద్ద గుళ్ల దేవుడికి చక్కెర పొంగలి, పులిహోర. మా పోచమ్మకు కల్లు సాక, కోడి. వాళ్ల దేవుడు తింటే నైవేద్యం, మా అమ్మ తింటే హింస. 1950లో సంస్కరణ పేరుతో రాసుకున్నది ఇదే. అసెంబ్లీలో కూర్చున్నోళ్ల ఇంట్ల మర్యాదను అందరి మర్యాద అనుకున్నరు, అంతే. ద్వేషంతో రాసిన్రని కూడా నేననను, వాళ్లకు అది పక్షపాతం అని తట్టనే లేదు.

మరి మేడారం? రెండేండ్లకోసారి సర్కారే ప్రత్యేక బస్సులు నడుపుతది, మంత్రులు నిలువెత్తు బెల్లం తూగి మొక్కు చెల్లిస్తరు, ఆ పక్కన చెట్ల కింద లెక్కలేనన్ని కోళ్లు, మేకలు. అంత జనం ముందుకు చట్టం రాదు. మీ తెనాలి పక్క ఊర్ల పది ఇండ్లోళ్ల కొలుపుకు మాత్రం వస్తది. తమిళనాడులో ఏమైందో గుర్తుందా? ఇదే 1950 చట్టాన్ని 2003లో గట్టిగా అమలు చేయమన్నరు, ఊరి దేవతల భక్తులంతా మండిపడ్డరు, 2004 ఫిబ్రవరిలో చట్టమే రద్దు చేసిన్రు. లోక్‌సభ ఎన్నికలు దగ్గర పడ్డయి మరి. నైతికత మారలేదు, ఓట్ల లెక్క మారింది.

బెజవాడ_హేతువాది | రాత్రి 11:20

యాదగిరి గారూ, మీ బాధ అర్థమైంది కానీ నాకు పోతు మీద కూడా జాలే. సరే, అది పక్కన పెడదాం.

టీచరమ్మగారు క్లాసులో చెప్పదగ్గ అసలు కథ ఒకటుంది. 1949 అక్టోబర్ 17, రాజ్యాంగ సభలో ప్రవేశిక మీద చర్చ. హెచ్.వి. కామత్ లేచి 'దేవుడి పేరున' అని మొదలుపెడదాం అని సవరణ తెచ్చాడు. అస్సాం నుంచి వచ్చిన రోహిణీ కుమార్ చౌధురి లేచి, మాది కామాఖ్య ఉన్న చోటు, దేవుడి పేరున అంటే ఎలా, దేవి పేరున అనండి అన్నాడు. చూడండి, దేవుడు సభలోకి రాకముందే ఏ దేవుడన్న తగాదా వచ్చేసింది! కామత్ వెనక్కి తగ్గలేదు, ఓటింగ్ పెట్టారు. వైపున 41, వ్యతిరేకంగా 68. దేవుడు ఓడిపోయాడు. ఇది మన చరిత్రలో చీకటి రోజు అన్నాడు కామత్. నా లెక్కలో మాత్రం అంతకు మించిన పండగ లేదు.

అర్చక_కుర్రాడు | రాత్రి 11:41

పండగ చేసుకునే ముందు ఆ 68 మంది ఎవరో కూడా చెప్పండి సార్. మీ పార్టీవాళ్లు అనుకుంటున్నారేమో. పట్టం థాను పిళ్లై ఏమన్నాడు? నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణే, కానీ ఇలా రాస్తే నమ్మని వాడిని బలవంతపెట్టినట్టు కాదా అన్నాడు. హృదయనాథ్ కుంజ్రూ అయితే మన మనసు లోపలి పవిత్రమైన సంగతిని తీసుకొచ్చి చర్చకు పెట్టారే అని నొచ్చుకున్నాడు. వాళ్లు కాదన్నది దేవుణ్ణి కాదు, దేవుడి మీద చేతులెత్తించడాన్ని.

బెజవాడ_హేతువాది | రాత్రి 11:48

ఒప్పుకుంటున్నా. థాను పిళ్లై మాట మర్చిపోయాను. పండగ సగానికి తగ్గించుకుంటా.

అర్చక_కుర్రాడు | మంగళవారం, ఉదయం 7:05

రాత్రి నిద్ర పట్టక ఇంకాస్త రాయాలనిపించింది. మాది వైఖానస అర్చకుల కుటుంబం, నేను మాత్రం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మీరంతా రాజ్యం అంపైరా కాదా అంటున్నారు. మా ఇంట్లో రాజ్యం అంపైర్ కాదు, మేనేజర్. 1987 ఎండోమెంట్స్ చట్టంతో అర్చకుల వంశపారంపర్య హక్కులు పోయాయి, మిరాశీలు పోయాయి. 1996లో సుప్రీంకోర్టు సరేనంది. దాని తర్కం ఏంటంటే, అభిషేకం ఎలా చేయాలి అన్నది మతం, ఎవరిని నియమించాలి అన్నది లౌకిక వ్యవహారం. మా తాతగారికి ఈ తేడా చచ్చేదాకా అర్థం కాలేదు. ఆగమంలో, అంటే గుడి పూజల శాస్త్రంలో, ఎవరు, ఎలా అన్నవి రెండు ప్రశ్నలు కావు కదా, ఒకటే ప్రశ్న.

గుడి మాన్యం కౌలు డబ్బులు, హుండీ, ఆడిట్, ఈవో (గుడికి ప్రభుత్వం వేసిన అధికారి) సంతకం. దీపం నూనెకి కూడా ఫైలు కదలాలి. అన్ని మతాల మీదా ఇలాగే ఉంటే అదో రకం. నా మీద ఒక్కడి మీదే ఎందుకు?

పాలమూరు_యాదగిరి | ఉదయం 7:50

తమ్ముడూ, మీ తాత మిరాశీ పోయినందుకు బాధ ఉంటది, కాదనను. కానీ ఆ గుళ్లెకు మా తాత అడుగు పెట్టడానికి ఏ ఆగమం ఒప్పుకుంది? మీ ఆంధ్ర దిక్కు 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం రావాల్సి వచ్చింది. మీ అర్చకులు మనసు మారి తలుపు తీయలేదు, చట్టం తీయించింది. ఆ రోజు రాజ్యం నేనెటూ మొగ్గనని నిలబడితే మేం ఇంకా ధ్వజస్తంభం అవతలే ఉందుము.

ఇంకోటి చెప్తా, ఇది నాకు దగ్గరి సంగతి. మా మేనత్తను చిన్నప్పుడే ఎల్లమ్మకిచ్చిన్రు. జోగిని. ఇచ్చినోళ్లు దుర్మార్గులు కాదు, ఇంట్ల వరుసగా పిల్లలు చచ్చిపోతుంటే మొక్కుకున్నరు. నిజంగ నమ్మిన్రు. ఆ నమ్మకం పేరు మీద ఊరి పెద్దలు ఆమెను ఏం చేసిన్రో ఇక్కడ రాయను. 1988లో జోగిని, దేవదాసి వ్యవస్థను నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టంతోనే కాలేదు, నిజామాబాద్ దిక్కు హేమలతా లవణం గారు ఊరూరా తిరిగి ఆ ఆడోళ్లను బయటికి తెచ్చిన్రు. కవి జాషువా బిడ్డ, నాస్తికుడు గోరా గారింటి కోడలు. దేవుణ్ణి నమ్మని ఇంటి మనిషి వచ్చి దేవుడికిచ్చిన పిల్లలను విడిపించింది.

అందుకే నాకు రాజ్యం తటస్థంగా ఉండొద్దు. జోగిని దగ్గర అది రావాలె. పోతు దగ్గరికి వస్తే నవ్వొస్తది.

బెజవాడ_హేతువాది | ఉదయం 8:30

అదే కదా చిక్కు. గీత ఎక్కడ గీయాలో మీరు మీ నైతికతతో గీశారు, 1950లో వాళ్లు వాళ్ల నైతికతతో గీశారు. మీ గీత మంచిదే, నాకూ అదే నచ్చింది. కానీ తేడా ఏంటో చెప్పాలి కదా.

పాలమూరు_యాదగిరి | ఉదయం 8:41

తేడా ఆ పిల్ల. ఆమెను ఎవరూ అడగలేదు. పోతును కూడా అడగలేదంటరేమో, అంటే మటన్ కొట్టు కూడా మూయించి రండి, అప్పుడు మాట్లాడుదం.

మోడరేటర్ | ఉదయం 9:00

ఇద్దరూ బాగా రాస్తున్నారు. కులాల పేర్లు పెట్టి ఎత్తిపొడుపులు మొదలైతే మాత్రం ఈ చర్చ మూసేస్తాను. రాత్రి వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను, ఎవరివో వాళ్లకు తెలుసు.

కోర్టుపక్షి | ఉదయం 10:10

కోర్టుకి వెళ్లే ముందు రెండు ముక్కలు. అర్చక తమ్ముడూ, 'నా మీద ఒక్కడి మీదే' అన్నది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. వక్ఫ్ బోర్డులు చట్టం కిందే నడుస్తాయి, పంజాబ్‌లో 1925 నుంచి గురుద్వారాల చట్టం ఉంది. కానీ గుడి రోజువారీ పాలనలోకి ఈవో రూపంలో ప్రభుత్వ ఉద్యోగి దిగినంతగా చర్చిలోకి దిగలేదు, ఆ మాట నిజం. 25(2)(బి) కూడా హిందూ సంస్థల తలుపులు అన్ని వర్గాలకూ తెరవమని పేరు పెట్టి మరీ చెప్పింది. యాదగిరి గారి తాతగారి లాంటివాళ్ల కోసమే అది అవసరమైంది. తలుపు తెరిపించడానికి లోపలికి వచ్చిన ప్రభుత్వం హుండీ దగ్గర కుర్చీ వేసుకుని ఎందుకు కూర్చుంది అన్నది మాత్రం మంచి ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేదు.

రూతు_గుంటూరు | మధ్యాహ్నం 1:25

భోజనం టైంలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. అందరూ గుడి గురించే మాట్లాడుతున్నారు. చర్చి తలుపు దగ్గర ఏం జరుగుతుందో నేను చెప్తాను.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది, ఎవరెవరు షెడ్యూల్డ్ కులాలో చెబుతూ. హిందూ మతం కాకుండా వేరే మతాన్ని అనుసరించేవాళ్లు ఎస్సీ కారు అని. తర్వాత 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. మన ఆంధ్రాలో మతం మారిన ఎస్సీలని బీసీ-సి అని వేరే గుంపులో వేశారు, ఒక శాతం రిజర్వేషన్. మా పేటలో సగం ఇళ్లకి రెండు పేర్లు. బడిలో ఒకటి, బాప్టిజంలో ఒకటి. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు.

1985లో సుప్రీంకోర్టుకి వెళ్లిన సూసాయ్ కేసు చదివారా ఎవరైనా? మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. ప్రభుత్వం చెప్పులు కుట్టేవాళ్లకి ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆయనకి ఇవ్వలేదు. అదే రోడ్డు, అదే సూది, అదే తోలు, కానీ ఆయన క్రైస్తవుడు. కోర్టు ఏమందంటే, మతం మారాక కూడా అదే కులబాధ అదే స్థాయిలో ఉందని చూపించాలి, చూపించలేదు అంది. ఎండలో కూర్చుని చెప్పులు కుట్టేవాడు ఇంకేం చూపించాలి?

నేను మతం మారితే ఎవరూ పట్టుకుని కొట్టరు, ఆ స్వేచ్ఛ ఉంది. ఖరీదు మాత్రం నాకొక్కదానికే. ఇంకొకరు మందిరం మారినా పంథా మారినా వాళ్లకి కాగితం మారదు. ఊళ్లోవాళ్ల కంట్లో నేను ఏమీ మారలేదు, సర్టిఫికెట్లో మాత్రం మారిపోయాను.

అర్చక_కుర్రాడు | మధ్యాహ్నం 2:10

అక్కా, ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోకండి. క్రైస్తవంలో కులం లేదనే కదా చెప్పి మార్చేది? లేని దానికి రిజర్వేషన్ ఎలా అడుగుతారు?

రూతు_గుంటూరు | మధ్యాహ్నం 2:34

బైబిల్లో లేదు తమ్ముడూ. గుంటూరులో ఉంది. కొన్ని ఊళ్లలో మా సమాధుల తోటలకి కూడా కులం ఉంది. బౌద్ధంలోనూ కులం లేదు కదా, వాళ్లని 1990లో ఎలా చేర్చారు?

కోర్టుపక్షి | మధ్యాహ్నం 2:40

దీనికి జవాబు చెప్పబోయి చాలామంది పెద్దలు నీళ్లు నమిలారు.

న్యూజెర్సీ_రావు | సాయంత్రం 5:55

ఇక్కడ పొద్దున్నే లేచి చదువుతున్నా. ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోకండి. అమెరికాలో తటస్థత అంటే చట్టం అందరికీ ఒకటే అని. వినడానికి బాగుంటుంది. 1990లో సుప్రీంకోర్టుకి ఒక కేసు వచ్చింది. నేటివ్ అమెరికన్ చర్చి వాళ్లు ప్రార్థనలో పెయోటి అనే నాగజెముడు లాంటి మొక్క తింటారు, మత్తు ఉంటుంది. ఇద్దరికి ఉద్యోగం పోయింది, నిరుద్యోగ భృతి కూడా ఇచ్చేది లేదన్నారు. కోర్టు భృతి ఇవ్వక్కర్లేదు అంది. మత్తుమందుల చట్టం ఏ మతాన్నీ ఉద్దేశించి రాసింది కాదు కాబట్టి అందరికీ వర్తిస్తుంది.

ఇప్పుడు వెనక్కి 1919కి వెళ్లండి. ఇదే దేశం మద్యాన్ని నిషేధించినప్పుడు చర్చిలో వాడే ద్రాక్షసారాకి మినహాయింపు ఇచ్చింది. చట్టం రాసేటప్పుడే. ఎందుకంటే రాసేవాళ్లలో ఆ సారా తాగేవాళ్లు ఉన్నారు. పెయోటి తినేవాళ్లు లేరు. యాదగిరి గారు చక్కెర పొంగలి గురించి చెప్పింది సరిగ్గా ఇదే.

జస్టిస్ స్కాలియా అదే తీర్పులో దాచకుండా ఒప్పుకున్నాడు కూడా: మినహాయింపులని ఓట్ల రాజకీయానికి వదిలేస్తే తక్కువమంది పాటించే ఆచారాలు నష్టపోతాయి, ప్రజాస్వామ్యంలో అది తప్పదు, ఎవడి మనస్సాక్షి వాడికి చట్టం కావడం కంటే ఇదే మేలు అని. నాకు ఆయన తీర్పు నచ్చదు, ఆ నిజాయితీ నచ్చుతుంది. ఇక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, 1993లో దీన్ని సరిదిద్దడానికి ఒక చట్టం చేసింది, ఆ కథ పొడుగు.

నూర్_కర్నూలు | రాత్రి 8:30

రావు గారూ, మా కేసులో ఇంకో మెలిక ఉంది. 1958లో బిహార్ కసాయివాళ్లు గోవధ నిషేధం మీద సుప్రీంకోర్టుకి వెళ్లారు. బక్రీదుకి ఆవునే ఇవ్వాలని మీ మతంలో తప్పనిసరి కాదు, మేకనో ఒంటెనో ఇవ్వొచ్చు కదా అంది కోర్టు. నాకు ఆవు మీద ఏమీ పట్టుదల లేదు, మా ఇంట్లో ఎప్పుడూ మేకే. నన్ను ఆపింది వేరే విషయం. నా మతంలో ఏది తప్పనిసరో నాకు చెప్పడానికి జడ్జిగారు పుస్తకం తెరిచారు. అంపైర్ బౌలింగ్ కూడా చేస్తున్నాడు.

అలాగని కోర్టు రావొద్దు అనను. 2017 ఆగస్టులో ట్రిపుల్ తలాక్ తీర్పు వచ్చిన రోజు మా అమ్మ నమాజులో రెండు రకాతులు ఎక్కువ చదివింది, మా పిన్ని సంగతి గుర్తొచ్చి. మూడు మాటలతో రోడ్డున పడేస్తే దేవుడు మెచ్చుతాడని నేను నమ్మను. కానీ 2019లో చట్టం చేసి అలా చెప్పినవాడికి మూడేళ్ల దాకా జైలు అన్నారు. కోర్టు ఆ తలాక్ చెల్లదంది. చెల్లని మాటకి జైలు. పెళ్లాన్ని చెప్పాపెట్టకుండా వదిలేసి పోయేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు, మిగతావాళ్ల భార్యలు భరణం కోసం తిరగాలి, మావాడైతే పోలీసులు. మొగుడు జైల్లో ఉంటే భరణం ఎవరిస్తారు అని మా పిన్ని అడిగింది, నేను ఏం చెప్పను?

నాకు మేలు చేసే చెయ్యీ, నా వైపు వేలు చూపించే చెయ్యీ ఒకటే అయినప్పుడు ఏం చెయ్యాలో తెలియదండీ. అంతకంటే తెలివిగా రాయలేను.

కోర్టుపక్షి | రాత్రి 10:05

నూర్ గారు చెప్పిన పుస్తకం తెరవడం గురించి ఒక్కసారి గట్టిగా మాట్లాడాలి, నా వృత్తికి చెడ్డ పేరొచ్చినా సరే.

1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది బాగుంది: మతంలో ఏది ముఖ్యమో ఆ మతం సిద్ధాంతాల్ని బట్టే తేల్చాలి. తర్వాత తర్వాత ఆ తేల్చే పనిని జడ్జీలే నెత్తిన వేసుకున్నారు. ఏది అసలైన మతం, ఏది మూఢనమ్మకం అని జల్లెడ పట్టడం మొదలైంది. ఆనంద మార్గం వాళ్ల తాండవ నృత్యం కేసు చూడండి. పుర్రె, కత్తి పట్టుకుని రోడ్డు మీద తాండవం చేస్తామన్నారు. కోర్టు ఏమంది? మీ పంథా 1955లో పుట్టింది, ఈ నృత్యం 1966లో వచ్చింది, అది లేకుండా పదేళ్లు గడిచాయి కాబట్టి ముఖ్యమైనది కాదు. పుర్రెలతో ఊరేగింపు వద్దనడానికి ప్రజాశాంతి అన్న కారణం చేతిలోనే ఉంది, అది చెబితే సరిపోయేది. దాని బదులు నమ్మకానికి వయసు లెక్కగట్టారు. ఈ లెక్కన ఏ ప్రవక్తా మొదటి పదేళ్లలో మన కోర్టులో గెలవడు.

దీనికి ఎదురుగా ఇంకో తీర్పు ఉంది, టీచర్ గారూ, మీ పిల్లలకి ఇదే చెప్పండి. 1985 జులై, కేరళ. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ ఇంటి పిల్లలు ముగ్గురు, అన్నాచెల్లెళ్లు. జనగణమన వస్తే లేచి నిలబడేవాళ్లు, మర్యాదగా ఉండేవాళ్లు, నోరు మాత్రం విప్పేవాళ్లు కాదు. యెహోవాకి తప్ప ఇంకెవరికీ స్తుతి పాడకూడదని వాళ్ల నమ్మకం. ఒక ఎమ్మెల్యే చూశాడు, అసెంబ్లీలో లేవనెత్తాడు, విచారణ వేశారు. పిల్లలు బుద్ధిమంతులే, గీతాన్ని అగౌరవపరచలేదు అని విచారణలో తేలింది. అయినా బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టులో గెలిచారు. తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, మన తెలుగువాడే.

ఆయన ఆ నమ్మకం మంచిదా, తెలివైనదా, ఆ మతంలో ముఖ్యమైనదా అని అడగలేదు. అది మన బుద్ధికి నచ్చుతుందా అన్నది ప్రశ్నే కాదు, వాళ్లు నిజంగా మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా లేదా అన్నదే ప్రశ్న అన్నాడు. నిజంగా నమ్ముతున్నారు, నిలబడుతున్నారు, ఎవరికీ హాని లేదు, ఇక మాట్లాడేదేముంది. ఓట్లు పెడితే ఆ పిల్లలకి దేశమంతా కలిపి ఎన్ని పడతాయి?

న్యూజెర్సీ_రావు | రాత్రి 10:40

ఇదే యెహోవా సాక్షుల పిల్లలు ఇక్కడ 1940లో జెండా వందనం కేసులో 8–1 తేడాతో ఓడిపోయారు. మూడేళ్లకి, ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, అదే కోర్టు 6–3తో తన మాట తనే వెనక్కి తీసుకుంది. కొన్ని హక్కులు ఓటుకి పెట్టేవి కావు అని అప్పుడే రాశారు.

బెజవాడ_హేతువాది | రాత్రి 11:05

చిన్నపరెడ్డి గారి తీర్పుకి నేను కూడా నమస్కారం పెడతాను, అలవాటు లేకపోయినా. కానీ పక్షి గారూ, 'మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా' ఒక్కటే కొలబద్ద అయితే యాదగిరి గారి నాయనమ్మ కూడా మనస్ఫూర్తిగానే నమ్మింది కదా, ఎల్లమ్మకి బిడ్డనిచ్చినప్పుడు. 2016లో సికింద్రాబాద్‌లో 13 ఏళ్ల పాప 68 రోజుల ఉపవాసం తర్వాత చనిపోయింది. ఆ ఇంట్లో నమ్మకానికి కొరత లేదు.

కోర్టుపక్షి | రాత్రి 11:30

కాదనను. అందుకే చిన్నపరెడ్డి గారి ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న ఉండాలి, ఆ నమ్మకానికి ఖరీదు కడుతున్నది ఎవరు అని. నోరు విప్పని పిల్లలు తమ నమ్మకానికి తామే కట్టారు, బడి పోగొట్టుకున్నారు. జోగిని విషయంలో మొక్కింది ఒకరు, కట్టింది ఇంకొకరు. పిల్లల ఉపవాసం దగ్గర నాకూ కాళ్లు వణుకుతాయి, పెద్దవాడు అన్నం మానేస్తే అతని ఇష్టం అనగలను, పదమూడేళ్ల పిల్ల ఇష్టం అంటే ఎవరి ఇష్టం? అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్లు తమ పిల్లల్ని ఎనిమిదో తరగతి తర్వాత బడి మానిపించే కేసు వచ్చింది, 1972లో. తల్లిదండ్రులు గెలిచారు. జస్టిస్ డగ్లస్ ఒక్కడే, పిల్లల్ని అడిగారా అన్నాడు.

ఈ ప్రశ్న కూడా తటస్థం కాదు, నాకు తెలుసు. మనిషి వేరే మనిషి మొక్కుకి సామగ్రి కాదు అని ముందే ఒక పక్షం తీసుకుని అడిగే ప్రశ్న ఇది.

పాలమూరు_యాదగిరి | రాత్రి 11:52

ఓటే తటస్థం కాదు సార్, ఇంక మిగతాది ఏముంది. మా నాయన చెప్పేటోడు, పోలింగు లైన్ల పటేల్ ముందు నిలబడ్డ మొదటిసారి కాళ్లు చేతులు ఆడలేదని. పుట్టుకతోనే నేను కింద అని రాసిపెట్టి ఉంది అనేది ఒక మత నమ్మకం. ఒక మనిషికి ఒక ఓటు అన్నప్పుడే ఆ నమ్మకం తప్పు అని రాజ్యం తేల్చేసింది. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం ఇంకా నోరు తెరిచి చెప్పింది. అంబేద్కర్ 1948 డిసెంబర్‌లో సభలోనే అన్నడు, ఈ దేశంలో పుట్టుక నుంచి చావు దాకా మతం కానిదే లేదు, దాన్నంతా ముట్టుకోవద్దంటే సమాజం ఉన్న చోటే ఆగిపోతది అని. ముట్టుకుంటం అని చెప్పే వచ్చిండు.

నా తగాదా అంతా ఒక్కటే. ముట్టుకున్నప్పుడు ముట్టుకున్నం అని చెప్పాలె. మా పోచమ్మ కోడిని ఆపేటప్పుడు మేం ఎటూ మొగ్గలేదు అంటే ఊరుకోం.

అర్చక_కుర్రాడు | బుధవారం, ఉదయం 6:40

యాదగిరన్నా, ఈ చివరి మాట నేను కూడా రాసేవాణ్ణే, కోడి బదులు హుండీ అని పెట్టుకుంటే. మొన్న రాత్రి మీ మీద కోపంతో మొదలుపెట్టాను. మా తాతగారి విషయంలో మీరు అన్నదానికి ఇంకా జవాబు లేదు నా దగ్గర.

పాలమూరు_యాదగిరి | ఉదయం 7:15

జవాబు అక్కర్లేదు తమ్ముడూ. ఈసారి బోనాలకు ఇంటికి రా. నీకు పులిహోర వేరే చేయిస్త.

టీచరమ్మ_తెనాలి | గురువారం, రాత్రి 8:20

అందరికీ థాంక్స్. రెండు రోజులు స్టాఫ్ రూమ్‌లో ఫోన్ చేతిలోంచి దించలేదు, హెచ్ఎం గారు చూసి ఏంటమ్మా ఏదైనా టెన్షనా అన్నారు.

ఇవాళ క్లాసులో అంపైర్ పోలిక తీసేశాను. 41–68 కథ చెప్పాను, కామాఖ్య దగ్గర పిల్లలు పడీ పడీ నవ్వారు. కేరళ పిల్లల కథ చెప్పినప్పుడు నవ్వలేదు. సూసాయ్ కథ చెబుదామని నోటిదాకా వచ్చి ఆపేశాను. ఆ క్లాసులో రెండు పేర్ల పిల్లలు నాకు తెలిసే ఆరుగురున్నారు, వాళ్ల మొహాలు చూస్తూ చెప్పలేకపోయాను. రూతు గారూ, అది తప్పే అయి ఉండొచ్చు.

చివర్లో సరదాగా చేతులెత్తించాను. కొలుపులో బలి ఉండనివ్వాలి అని 19, వద్దు అని 14. ఒకమ్మాయి ఏ వైపూ ఎత్తలేదు. ఏమ్మా అంటే, "మేం చర్చికి పోతాం మేడమ్, వాళ్ల అమ్మవారి సంగతి నేనెట్టా చెప్పేది" అంది. వెనక బెంచీవాడు వెంటనే తిరిగి, "ఎత్తవే, నీది కూడా ఈ ఊరే కదా" అన్నాడు.

రూతు_గుంటూరు | రాత్రి 8:31

ఎత్తిందా?

టీచరమ్మ_తెనాలి | రాత్రి 8:33

లేదు. కానీ ఆ 14 మందిలో నలుగురు చేతులు దించేశారు.